ఒక కంచం ఎక్కువే పెట్టాం

"ప్రాగ్ వెళ్ళొచ్చావటగా వదినా, ఏం చూశావేమిటి?" అని మా వీధిలో కనబడ్డ ప్రతివాళ్ళూ అడిగారు. గడియారం చూశాను, వంతెన చూశాను, కోట చూశాను అని వరసగా అప్పజెప్పేదాన్ని. చెబుతున్నంతసేపూ లోపల నవ్వొచ్చేది. ఎందుకంటే ఆ ఊళ్ళో ఉన్న నాలుగు రోజుల్లో నేను ఎక్కువగా చూసింది ఒక వంటగదిని. అదీ మనది కాదు, పదిమంది ముక్కూ మొహం తెలియనివాళ్ళది. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకుందామని కూచున్నాను.

మా పెద్దమ్మాయి 2022లో ఎమ్మెస్ చదవడానికి జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్ళింది. రెండేళ్ళయినా ఇంటికి రాలేదు. 2024 డిసెంబరులో "అమ్మా, క్రిస్మస్‌కి నాకు చదువూ ఉండదు, పనీ ఉండదు, నువ్వు రా" అని, పార్ట్‌టైము చేసి దాచుకున్న డబ్బుతో టిక్కెట్టు కొని పంపింది. మాది కొల్లేటి పక్క ఊరు. చేపల చెరువే మా బతుకుతెరువు. సరిగ్గా అప్పుడే చెరువు పట్టుబడి ఉంది కాబట్టి మావారు కదలడానికి లేదు. "నువ్వెళ్ళిరా, ఆ సంబంధం సంగతి కూడా తేల్చుకునిరా" అన్నారు.

సంబంధమంటే ఏలూరువాళ్ళది. ఫొటో, వివరాలు ఫోనులో ఎన్నిసార్లు పంపినా పిల్ల "తర్వాత చూస్తానమ్మా" అనేది. ఎదురుగా కూచోబెట్టి మాట్లాడితే గాని లాభం లేదని, అన్నీ ఒక కవరులో పెట్టి పెట్టె అడుగున చీరల మధ్య దాచాను. కవరు పక్కనే కొత్త చింతపండు ఉండ, కందిపొడి, ఆవకాయ సీసా, చారుపొడి. నేను ఇంటరు దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గాని నోరు పెగలదు. అలాంటిదాన్ని రెండు విమానాలు మారి, చేరాను.

డ్రెస్డెన్‌లో మూడు రోజులున్నాక, "పండగకి ప్రాగ్ వెళ్దాం, బస్సులో రెండు గంటలే" అంది. చెక్ దేశానికి రాజధాని అది. బస చేసే చోటు హాస్టలంది. నేను విజయవాడలో అమ్మాయిలు చదువుకునే హాస్టలులాంటిది కాబోలనుకున్నాను. తీరా 22వ తేదీ సాయంత్రం వెళ్ళి చూద్దును గదా, ఒక గదిలో రైలు బెర్తుల్లాగా ఒకదాని మీద ఒకటి ఆరు మంచాలు! మంచానికో చిన్న దీపం, ఒక కర్టెన్, సామాను పెట్టుకుని తాళం వేసుకోవడానికి ఇనప బీరువా. దుప్పటి కూడా మనమే పరుచుకోవాలి. "అంతా ఆడవాళ్ళ గదేలే అమ్మా" అంది నా మొహం చూసి. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి ఉండే గదులు కూడా ఉన్నాయట. అవి చౌకట. నేను ఇంకేం మాట్లాడలేదు.

అక్కడ దిగినవాళ్ళందరికీ వీపు మీద తమంత సంచీలు. బ్యాక్‌ప్యాకర్లంటారట వాళ్ళని. ఒక్క సంచీతో నెలల తరబడి దేశాలు తిరిగేస్తారు. వాళ్ళ మధ్య నేను చీర మీద స్వెట్టరు, దాని మీద కోటు, చక్రాల పెట్టెతో గడగడమని చప్పుడు చేసుకుంటూ వెళ్తుంటే ఎంత సిగ్గేసిందో! నలభై దాటిన వయసులో ఈ సత్రం బతుకేమిటని లోపల గొణుక్కున్నాను. మా ఎదురు మంచం మీద అరవై దాటిన ఆస్ట్రేలియా ఆవిడ కాళ్ళు చాపుకుని హాయిగా పుస్తకం చదువుకుంటోంది. ఆవిడ స్కూలు టీచరుగా రిటైరయి ఒక్కతే తిరుగుతోందట. ఆవిడని చూశాక నా గొణుగుడు కొంచెం తగ్గింది.

కింద ఉమ్మడి వంటగది. నాలుగు పొయ్యిలు, రెండు ఫ్రిజ్‌లు. ఎవరి సామాను వాళ్ళు కవరులో పెట్టుకుని పేరు, వెళ్ళే తేదీ రాసి అంటించాలి. ఒక అలమారు మాత్రం అందరిదీ. ఊరు వదిలి వెళ్ళేవాళ్ళు మిగిలిన ఉప్పు, నూనె, పంచదార, సేమ్యాలాంటివి అందులో పెట్టి పోతారు. వచ్చినవాళ్ళు వాడుకోవచ్చు. ఎవరి గిన్నె వాళ్ళే తోమాలి. తోమకుండా వెళ్ళినవాళ్ళని తిడుతూ గోడ మీద రకరకాల చేతిరాతలతో చీటీలు. ఏ దేశమైనా సింకు దగ్గర గొడవ ఒకటేనన్నమాట అనుకున్నాను.

23న ఊరు చూశాం. పాత ఊరి మైదానంలో గోడకి పెద్ద గడియారం ఉంది. 1410 నాటిది. గంట కొట్టేటప్పుడు పైన రెండు చిన్న కిటికీలు తెరుచుకుని పన్నెండుమంది క్రీస్తు శిష్యుల బొమ్మలు ఒకరి వెనక ఒకరు తిరుగుతాయి. పక్కన ఒక అస్థిపంజరం గంట లాగుతుంది. "టైమైపోతోంది సుమా" అని చెప్పడం కాబోలు. అక్కణ్ణించి వల్తావా నది మీద చార్లెస్ వంతెన. 1357లో మొదలెట్టిన రాతి కట్టడం, 516 మీటర్ల పొడుగు, రెండు పక్కలా 30 విగ్రహాలు. సున్నంలో కోడిగుడ్లు కలిపి కట్టారని కథ చెబుతారు. ఎన్ని వేల అట్లకి సరిపోయేవో అని నేనంటే మా అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వుతూనే దగ్గింది. పొద్దుట్నించీ దగ్గుతూనే ఉంది.

దారిలో నన్ను ఆపేసింది మాత్రం గడియారమూ కాదు, వంతెనా కాదు. వీధి మూలల్లో పెద్ద పెద్ద నీళ్ళ తొట్లు, వాటినిండా బతికున్న చేపలు! దగ్గరికెళ్ళి చూద్దును గదా, మన బంగారుతీగ! మా వైపు బొచ్చె, శీలావతి ఉండగా బంగారుతీగకి అంత గిరాకీ ఉండదు. ముళ్ళెక్కువ, బురద వాసన అంటారు. ఇక్కడ దానికోసం జనం బారులు తీరి నిలబడ్డారు. 24 రాత్రి ఆ దేశంలో ప్రతి ఇంట్లోనూ ఈ చేప వేపుడు, బంగాళాదుంపల సలాడూ ఉండాల్సిందేనట. కొందరు ప్రాణంతో ఇంటికి తీసుకెళ్ళి స్నానాల తొట్టిలో వదులుతారట. రెండు రోజులు చూశాక పిల్లలు దానికి పేరు పెట్టుకుని కొయ్యనివ్వరట. ఆఖరికి తీసుకెళ్ళి నదిలో వదిలేసేవాళ్ళూ ఉన్నారట.

ఆ రాత్రి పిల్లకి జ్వరం వచ్చేసింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. డోలో బిళ్ళ ఒకటి వేశాను. అర్ధరాత్రి మళ్ళీ ఒణుకు. చీకట్లో ఎవరికీ నిద్ర చెడకుండా తడిగుడ్డ వేస్తూ కూచున్నాను. ఇంతలో ఎదురు మంచం కర్టెన్ తొలిగింది. ఆస్ట్రేలియా ఆవిడ చప్పుడు చెయ్యకుండా దిగి, తన సంచీలోంచి థర్మామీటరు తీసి ఇచ్చింది. 102 చూపించింది. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, రేపు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్దామని నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి, నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. ఆ చెయ్యి వేసేదాకా నేను ఏడవలేదు.

తెల్లారేసరికి 100కి దిగింది గాని పిల్ల నీరసపడిపోయింది. ఏమీ తిననంటుంది. "అమ్మా, మిరియాల చారు, మెత్తటి అన్నం ఉంటే బాగుండును" అంది కళ్ళు మూసుకుని. చారుపొడి ఉంది, చింతపండు ఉంది, బియ్యం ఏవి? అల్లం ఏది? "నేనెళ్ళి తెస్తాను పడుకో" అన్నాను. "నీవల్ల కాదమ్మా, నీ ఫోను బయట పనిచెయ్యదు" అంది. అది వైఫై ఉన్నచోటే పలుకుతుంది మరి. కిందటిరోజు కొన్న ట్రాము టిక్కెట్లు రెండున్నాయి. హాస్టలు కార్డు చేత్తో పట్టుకున్నాను. "ఎక్కగానే పసుప్పచ్చ డబ్బాలో టిక్కెట్టు పెట్టి ముద్ర కొట్టించుకో. నది దాటావంటే తప్పు దారిలో వెళ్ళావన్నమాట" అని రెండు జాగ్రత్తలు చెప్పి మళ్ళీ మగతలోకి వెళ్ళిపోయింది.

నాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ దేశంలో 24న పెద్ద కొట్లన్నీ మధ్యాహ్నం పన్నెండుకల్లా మూసెయ్యాలని చట్టం. 25, 26 తేదీల్లో అసలు తెరవకూడదు. పిల్లకి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, నేను బయల్దేరేసరికే పదకొండున్నర దాటింది. పెద్ద కొట్టు దగ్గరికి చేరేసరికి తలుపు దగ్గర కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. "రైస్... డాటర్... ఫీవర్..." అన్నాను. అతను జాలిగా చూసి గడియారం చూపించాడు. కాళ్ళలో సత్తువ పోయింది. చూస్తుండగానే వీధంతా ఖాళీ అయిపోతోంది. అందరూ గబగబా ఇళ్ళకి వెళ్తున్నారు. మనకి సంక్రాంతి నాడు బజారు ఎలా బోసిపోతుందో అలాగే.

నాలుగు అడుగులు వేశాక ఒక చిన్న కొట్టులో దీపం కనిపించింది. వియత్నాంవాళ్ళ కొట్టు. ఆ ఊళ్ళో వీధివీధికీ వాళ్ళ కొట్లుంటాయి. చిన్న కొట్లకి ఆ చట్టం లేదట. కౌంటరు దగ్గర నా ఈడు ఆవిడే కూచుని ఉంది. ఆవిడకి నా ఇంగ్లీషూ రాదు, నాకు ఆవిడ భాషా రాదు. నుదుటి మీద చెయ్యి పెట్టి, ఒణికి, పక్కకి పిల్లంత ఎత్తు చూపించి, అన్నం కలిపి తినిపిస్తున్నట్టు సైగ చేశాను. ఆవిడ నవ్వలేదు. లేచి వెళ్ళి బియ్యం సంచీ, అల్లం, వెల్లుల్లి, కొత్తిమీర కట్ట వరసగా తెచ్చి నా ముందు పెట్టింది. బిల్లు వేశాక రెండు నిమ్మకాయలు ఊరికే సంచీలో పడేసింది. డబ్బివ్వబోతే నా చెయ్యి వెనక్కి తోసింది.

ఆ సంతోషంలో ట్రాము ఎక్కేశాను. ముద్ర కొట్టించుకున్నాను, కూచున్నాను. అయిదు నిమిషాలయ్యాక కిటికీలోంచి చూస్తే కింద నీళ్ళు! నది! గుండె జారిపోయింది. అటునుంచి ఎక్కాల్సింది ఇటునుంచి ఎక్కేశాను. పక్కన ఒక ముసలావిడ, ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ, సంచీలోంచి చేప తోక బయటికొచ్చి ఉంది. కార్డు చూపించాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, అయ్యో అన్నట్టు నాలిక చప్పరించింది. తర్వాతి స్టాపులో నా మోచెయ్యి పట్టుకుని తనూ దిగింది. రోడ్డు దాటించి, అవతలి స్టాపులో ట్రాము వచ్చేదాకా చలిలో నాతో నిలబడింది. ఎక్కించాక ఆరు వేళ్ళు చూపించింది, ఆరో స్టాపని. తలుపు మూసుకుంటుంటే ఏదో అంది. అది పండగ శుభాకాంక్షలని తర్వాత తెలిసింది. చేప పట్టుకుని ఇంటికెళ్ళే ఆవిడకి ఆ పూట ఎంత పనుంటుందో ఆడదాన్ని, నాకు తెలియదా?

గంటలో వస్తానన్నదాన్ని రెండున్నర గంటలకి చేరాను. గదిలోకి వెళ్ళేసరికి మా అమ్మాయి మంచం మీద కూచుని ఏడుస్తోంది. పక్కన ఒక పోలండు అమ్మాయి. పైమంచం తనది. మా పిల్ల చెయ్యి పట్టుకుని టీ తాగిస్తోంది. నన్ను చూడగానే మా అమ్మాయి "ఎక్కడికి పోయావమ్మా! పోలీసులకి చెబుదామనుకుంటున్నాం" అని గట్టిగా అరిచింది. చిన్నప్పుడు బడి నుంచి ఆలస్యంగా వస్తే నేను దాన్ని అలాగే కేకలేసేదాన్ని. నాకు కోపం రాలేదు, నవ్వే వచ్చింది. నేను నవ్వడం చూసి అది ఇంకా ఏడ్చింది.

కాస్త నెమ్మదించాక అడిగాను. "నేనిక్కడ ఉండగా ఇంత బెంబేలు పడ్డావే, రెండేళ్ళలో ఎప్పుడూ జ్వరం రాలేదా నీకు?" అని. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. 2023 జనవరిలో, సంక్రాంతి రోజుల్లోనే, ఎనిమిది రోజులు మంచం దిగలేదట. పక్క గదుల్లో ఉండే కెన్యా అమ్మాయి, స్పెయిన్ అమ్మాయి వంతులేసుకుని సూపు కాచి ఇచ్చారట, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారట. ఆ పండగ నాడు ఫోనులో మాట్లాడినప్పుడు "వీడియో పనిచెయ్యడం లేదమ్మా" అంది. నేను అరిసెలు చూపించలేకపోయానే అని బాధపడ్డాను. "మాకు చెప్పొద్దుటే?" అన్నాను. "చెబితే ఏం చేస్తావమ్మా? అక్కడ కూచుని ఏడుస్తావు. నిన్ను ఓదార్చే ఓపిక కూడా నాకే కావాలి అప్పుడు" అంది.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. కాని అబద్ధమని అనలేకపోయాను. నిజంగానే నేను అంతే చేసేదాన్ని. బియ్యం సంచీ పట్టుకుని కిందికి వెళ్ళిపోయాను.

వంటగదిలో చారు పోపు పెట్టేసరికి ఒక్కొక్కరే తలుపు దగ్గరికి వచ్చి చూడ్డం మొదలెట్టారు. ఇంగువ వాసనకి తిడతారేమోనని హడలిపోయాను. ఒక జపాను కుర్రాడు ముక్కు ఎగబీల్చి బొటనవేలు పైకెత్తి చూపించాడు. పైకి తీసుకెళ్ళి పిల్లకి నాలుగు ముద్దలు కలిపి పెట్టాను. రెండేళ్ళ తర్వాత నా చేతి ముద్ద. తిని, చెమటపట్టి, నిద్రపోయింది.

మళ్ళీ గిన్నె తోముదామని దిగేసరికి వంటగది బల్ల మీద ఒక పెద్ద బంగారుతీగ. చుట్టూ అయిదుగురు నిలబడి దాని వంకే చూస్తున్నారు. పోలండువాళ్ళకీ 24 రాత్రి ఈ చేపే ప్రధానమట. మొదటి చుక్క పొడిచాక భోజనానికి కూచోవాలట, పన్నెండు రకాలుండాలట. ఆ అమ్మాయి తొట్టి దగ్గర కొని, అక్కడే చంపించి తెచ్చింది గాని కొయ్యడం రాదు. "మా అమ్మ చేసేది" అంది. ఆ ఏడాదే వాళ్ళమ్మ పోయింది. అమ్మ లేని ఇంటికి పండక్కి వెళ్ళబుద్ధి కాక ఊళ్ళు పట్టుకుని తిరుగుతోంది. ఈ సంగతి మధ్యాహ్నం మా అమ్మాయితో చెప్పుకుందట. అందుకే కాబోలు, జ్వరం పిల్ల పక్కన అలా కూచుంది.

నేను కోటు తీసేసి కొంగు దోపాను. చేపల దగ్గర నాకు ఇంగ్లీషుతో పనేముంది? తోక దగ్గర నుంచి తల వైపుకి పొలుసు గీకాను. పొట్ట చీల్చి, చేదు సంచీ పగలకుండా తీశాను. అది పగిలిందా, చేపంతా చేదే. మొప్పలు తీసేశాను. బురద వాసన పోవడానికి ఉప్పు, ఆ వియత్నాం ఆవిడ ఇచ్చిన నిమ్మకాయల రసం పట్టించి అరగంట ఉంచి, రెండు నీళ్ళు కడిగాను. సగం ముక్కలు వాళ్ళ పద్ధతిలో పిండి, గుడ్డు, రొట్టెపొడి వరసగా అద్ది వేయించారు. తలకాయ, తోక, మిగతా సగం నాకు వదిలేశారు. ఉమ్మడి అలమారులో ఉల్లిపాయలు దొరికాయి, ఎర్రటి పొడి డబ్బా దొరికింది. అది చూడ్డానికి మన కారమే గాని నాలిక్కి తగల్లేదు, రంగు మాత్రమే. కారానికి ఆవకాయ ఊట రెండు చెంచాలు వేసి, చింతపండు పులుసు పోసి దగ్గరగా ఉడికించాను. మెంతిపొడి లేని లోటు కూడా ఆ ఊటే తీర్చింది.

హాస్టలులో రాత్రి డ్యూటీ చేసే చెక్ కుర్రాడు బంగాళాదుంపల సలాడు కలిపాడు. మా ఆయన చెరువు సంగతి చెబితే అతనికి ఎంత సంతోషమో! వాళ్ళ దేశంలో దక్షిణాన త్రెబోన్ అనే చోటంతా చేపల చెరువులేనట. వాటిలో రోజ్మ్‌బెర్క్ అనే పెద్ద చెరువు 1590లోనే తవ్వి పూర్తిచేశారట. శరదృతువులో నీళ్ళు తీసేసి పట్టుబడి చేస్తారట, చూడ్డానికి జనం వస్తారట. మేం చెరువు పట్టేటప్పుడు కొంగలు తప్ప ఎవరూ రారని చెప్పమంటే, అప్పుడే లేచి శాలువా కప్పుకుని వచ్చిన మా అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

నాలుగింటికే సూర్యుడు అస్తమించాడు. అయిదున్నరకి అందరం బల్ల చుట్టూ చేరాం. ఆస్ట్రేలియా ఆవిడ కేకు తెచ్చింది. అర్జెంటీనా నుంచి వచ్చిన కొత్త దంపతులు పళ్ళ ముక్కలు కలిపారు. వాళ్ళ దేశంలో క్రిస్మస్ నడి ఎండాకాలంలో వస్తుందట, చలికి ఒణుకుతూ పండగ చేసుకోవడం ఇదే మొదలట. జపాను కుర్రాడు వేయించిన కోడిమాంసం కొనుక్కొచ్చాడు. వాళ్ళ దేశంలో క్రిస్మస్ అంటే అదేనట! పన్నెండు రకాలు కావాలిగా, లెక్కపెడితే తొమ్మిదే వచ్చాయి. నా కందిపొడి, ఆవకాయ కలిపితే పదకొండు. పన్నెండోది ఉప్పని తీర్మానించాం.

కంచాలు పెడుతుంటే ఒకటి ఎక్కువ వచ్చింది. తీసెయ్యబోయాను. పోలండు అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ రాత్రి ఒక కంచం ఎక్కువ పెట్టడం వాళ్ళ ఆచారమట. అనుకోకుండా ఎవరైనా తలుపు తడితే లేదనకూడదట. తర్వాత తన సంచీలోంచి ఒక కవరు తీసి, పల్చటి తెల్లటి అప్పడంలాంటిది బయటపెట్టింది. ఒకరి చేతిలోది ఒకరు చిటికెడు తుంచుకుని, ఎదుటివాళ్ళకి మంచి జరగాలని చెప్పుకోవాలి. నా దగ్గరికి వచ్చినప్పుడు నాకు మాట రాలేదు. తుంచుకుని, మా పిల్లకి చేసినట్టే దాని తల మీద చెయ్యి పెట్టాను. అది నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తెలుగులోనే ఏదో అన్నాను, ఏమన్నానో నాకూ గుర్తులేదు.

భోజనం సగంలో ఉండగా బెల్లు మోగింది. బస్సు ఆలస్యమై అప్పుడే దిగిన నేపాలీ కుర్రాడు. పోర్చుగల్‌లో పని చేస్తాడట, సెలవలకి తిరగడానికి వచ్చాడట. కొట్లన్నీ మూసేసి ఉన్నాయి, ఎక్కడన్నా తిండి దొరుకుతుందా అని అడగబోయి, బల్ల మీద అన్నం, చారు చూసి అలాగే నిలబడిపోయాడు. అందరం ఒకేసారి ఆ ఖాళీ కంచం వైపు చూశాం. కూచోబెట్టాం. "దీదీ, దీదీ" అంటూ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. చేప తలకాయ అతనికే వేశాను.

ఆఖర్న చెక్ కుర్రాడు నేను గీకి పారేసిన పొలుసులు కడిగి తుడిచి అందరికీ తలా ఒకటి పంచాడు. పర్సులో పెట్టుకుంటే ఏడాదంతా డబ్బుకి లోటుండదట. గిన్నెలన్నీ తోమాం. ఆ రాత్రి గోడ మీద చీటీ ఎవరూ అంటించలేదు.

రాత్రి పడుకోబోయే ముందు మా అమ్మాయి "అమ్మా, పెట్టె అడుగున కవరుందిగా, దాని సంగతి ఎప్పుడు తీస్తావా అని చూస్తున్నాను" అంది. దానికి ముందే తెలుసన్నమాట! "నీ ఒళ్ళు కుదుటపడనీ" అన్నాను. డ్రెస్డెన్‌లో విమానం ఎక్కేరోజు కవరు దాని చేతికిచ్చి, "చూడాలనిపిస్తే చూడు, వద్దనిపిస్తే వద్దని చెప్పు. కాని జ్వరం వస్తే మాత్రం చెప్పు. నేను ఏడవను" అన్నాను. "ఏడుస్తావు" అంది. "ఏడిస్తే ఫోను పెట్టేశాక ఏడుస్తాలే" అన్నాను. సంబంధం ఇంకా తేలలేదు. మావారు అడుగుతూనే ఉన్నారు. కాని కిందటి నెలలో పిల్ల తనంతట తనే ఫోను చేసి, "పన్ను నొప్పమ్మా, రాత్రంతా నిద్రలేదు" అని చెప్పింది. ఒక్క కన్నీటిబొట్టు రాల్చకుండా లవంగం పెట్టుకోమని, పొద్దున్నే డాక్టరుకి చూపించుకోమని చెప్పాను. ఫోను పెట్టేశాక సంగతి మీకెందుకు?

రెండేళ్ళపాటు ఎప్పుడు మాట్లాడినా "అక్కడ నీకు ఎవరున్నారే?" అని అడిగేదాన్ని. ఇప్పుడు ఆ మాట అడగడం మానేశాను. ట్రాము దిగి నన్ను రోడ్డు దాటించిన ముసలావిడ నాకు ఏమవుతుంది? ఉండేవాళ్ళు ఉంటారు. ఎవరని ముందుగా చెప్పలేం, అంతే.

ఇంటికొచ్చిన పది రోజులకే 2025 సంక్రాంతి. మా చెరువు గట్టు మీద షెడ్డులో కాపలా ఉండే ఇద్దరు ఒడిశా కుర్రాళ్ళున్నారు. ఏటా పండగ నాడు క్యారియరు కట్టి పంపించేదాన్ని, అదే గొప్ప అనుకునేదాన్ని. ఈసారి ఇంటికి పిలిచి మాతోపాటే ఆకులు వేశాను. మా అత్తగారు కొంచెం మొహం చిట్లించారు. మూడో ఆకు ఖాళీగా వెయ్యడం చూసి "ఇదెవరికే?" అన్నారు. "ఎవరైనా వస్తే" అన్నాను. ఆ పూట ఎవరూ రాలేదు. సాయంత్రం పాలవాడు వస్తే అతనికి పెట్టాను.

ఆ చేప పొలుసు ఇంకా నా పర్సులోనే ఉంది. "చెరువునిండా ఉన్నాయి, ఎక్కణ్ణించో ఒకటి మోసుకొచ్చి దాచుకున్నావా!" అని మావారు ఎగతాళి చేస్తారు. డబ్బు మాట దేవుడెరుగు. ఈ ఏడాది చేప ధర కూడా అంతంతమాత్రమే. పర్సు తీసినప్పుడల్లా మాత్రం ఆ వంటగది కళ్ళ ముందుకొస్తుంది.